కామ్ వా చుంగ్: పాత కాగితాల ఇల్లు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"అమెరికా అనుభవాలు" అనే విషయం మీద పదిహేను నిమిషాలు మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. మన సభ్యుల్లో సగం మంది కొడుకుల దగ్గరికో కూతుళ్ళ దగ్గరికో వెళ్ళి ఆరేసి నెలలు ఉండి వచ్చినవారే. నయాగరా జలపాతం గురించి నేను చెబితే, నాకంటే ముందు చూసి వచ్చినవారు నన్ను సరిదిద్దవలసి వస్తుంది. అందుచేత నేను అక్కడ చూసిన ఒకే ఒక్క ఇంటిని గురించి మనవి చేస్తాను. చివర్లో మన సంఘం ఆఫీసు గది విషయం కూడా ఒకటి మనవి చేసుకోవాలి. ఆ రెంటికీ సంబంధం ఉంది కనుకనే ఈ అంశం ఎత్తుకున్నాను.

మా అబ్బాయి పోర్ట్‌లాండు దగ్గర ఉంటాడు. అది పడమటి తీరాన ఆరెగాన్ రాష్ట్రంలో ఉంది. పోయిన వేసవిలో వాడికి నాలుగు రోజులు సెలవు దొరికితే "ఎక్కడికి వెళ్దాం నాన్నగారూ?" అన్నాడు. "గుడి కాకుండా, షాపింగు కాకుండా ఎక్కడికైనా సరే" అన్నాను. ఐదారు గంటలు తూర్పుగా కారులో తీసుకుపోయాడు. దారిలో మద్రాస్ అనే ఊరు వచ్చింది! బోర్డు చూసి నేను ఉలిక్కిపడ్డాను. దుకాణంలో ఒక నూలు గుడ్డ తాను మీద ఉన్న మద్రాసు పేరు చూసి ఆ ఊరికి ఆ పేరు పెట్టారని అక్కడ చెప్పుకుంటారు. మన నేతగాళ్ళ గుడ్డ ఎంత దూరం పోయిందో చూడండి. ఆ మద్రాసు దాటి, కొండలు దాటి, జాన్ డే అనే చిన్న ఊరు చేరాం. రెండు వేలకు లోపు జనాభా. అక్కడ ఒక రాతి ఇల్లు ఉంది. దాని పేరు కామ్ వా చుంగ్. సిరిసంపదల బంగారు పువ్వు అని దాని అర్థమట.

ఆ ప్రాంతంలో 1862లో బంగారం పడింది. కాన్యన్ సిటీ అనే పక్క ఊళ్ళో వాగు ఇసుకలో దొరికింది. ఆ వార్త విని నలుమూలల నుంచీ జనం వచ్చారు. దక్షిణ చైనాలోని క్వాంగ్‌టుంగ్ రాష్ట్రం నుంచి చైనా వాళ్ళూ వచ్చారు. అక్కడ కరువులు, అంతర్యుద్ధాలు. వీళ్ళకు మంచి గనులు ఎవరు ఇస్తారు? తెల్లవాళ్ళు తవ్వి విసుగెత్తి వదిలేసిన గుంటల్లోనే ఇసుక మళ్ళీ కడిగి రేణువులు ఏరుకునేవారు. చైనా నుంచి కొత్తగా వచ్చినవాడికి భూమి గాని గని గాని స్వంతం కాకూడదని ఆరెగాన్ రాజ్యాంగంలోనే రాసి ఉండేది. ఆ వాక్యం 1946 దాకా ఉంది. 1879 నాటి ఒక పత్రిక లెక్క ప్రకారం తూర్పు ఆరెగాన్ గనుల్లో 960 మంది తెల్లవారుంటే 2,468 మంది చైనీయులున్నారు. ఇప్పుడు ఆ ఊళ్ళో వారి చిహ్నంగా మిగిలింది ఈ ఒక్క ఇల్లు.

1887లో ఆ ఊరికి ఇంగ్ హే అనే పాతికేళ్ళ యువకుడు వచ్చాడు. అక్కడే లుంగ్ ఆన్ అనే మరొక యువకుడు తటస్థపడ్డాడు. ఇద్దరూ కలిసి ఈ దుకాణం తీసుకున్నారు. తరువాత యాభై ఏళ్ళకు పైగా విడిపోలేదు. ఆ ఇద్దరి స్వభావాలూ తూర్పూ పడమరా. లుంగ్ ఆన్ చదువుకున్నవాడు, ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడేవాడు, మంచి బట్టలు కట్టేవాడు, గుర్రప్పందేలు, జూదం అంటే ప్రీతి. వ్యాపారంలో అఖండుడు. కూలీలకు పనులు కుదిర్చేవాడు, చదువు రానివాళ్ళకు ఉత్తరాలు రాసిపెట్టేవాడు, దుబాసీగా వ్యవహరించేవాడు. ముసలితనంలో మోటారు కార్ల వ్యాపారంలోకి కూడా దిగాడు.

ఇంగ్ హే వైద్యుడు. నాడి పట్టి రోగం చెప్పేవాడు. మన చిన్నప్పుడు ఆయుర్వేద వైద్యులు మూడు వేళ్ళు మణికట్టు మీద ఆనించి కళ్ళు మూసుకునేవారు కదా, అచ్చంగా అదే పద్ధతి. మొదట చైనా వాళ్ళే వచ్చేవారు. తరువాత తెల్లవాళ్ళు కూడా వందల మైళ్ళ నుంచి రావడం మొదలుపెట్టారు. రాలేనివాళ్ళు ఉత్తరం రాస్తే పోస్టులో మందు పంపేవాడు. 1918-19లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు ఆయన కషాయాలు తాగి బతికామని చెప్పుకున్నవారు అక్కడ ఉన్నారు. లైసెన్సు లేకుండా వైద్యం చేస్తున్నాడని ఆయన మీద ఫిర్యాదులు వచ్చాయి గాని, ఊరి జూరీ ఆయన్ను శిక్షించలేదు. జూరీలో కూర్చున్నవాళ్ళ ఇళ్ళలోనూ ఆయన మందు వాడి ఉంటారని నా అనుమానం.

ఇక ఆ ఇంటి సంగతి. బయటి నుంచి చూస్తే మన పాత తాలూకా ట్రెజరీ స్ట్రాంగురూములా ఉంటుంది. మందపాటి రాతి గోడలు, చిన్న చిన్న కిటికీలు, ఇనుప రేకు తాపిన తలుపులు. ఎందుకంటే ఆ రోజుల్లో ప్రాణభయం. ఇంగ్ హే ఈ ఊరికి వచ్చిన 1887లోనే అదే రాష్ట్రంలో స్నేక్ నది ఒడ్డున బంగారం కడుక్కుంటున్న చైనా కూలీలను దొంగల ముఠా ఒకటి కాల్చి చంపింది. చచ్చిపోయినవాళ్ళు 34 మంది దాకా ఉంటారంటారు. ఒక్కరికీ శిక్ష పడలేదు.

గైడు వెంట కొద్దిమందినే లోపలికి పంపుతారు. టిక్కెట్టు లేదు. లోపల చీకటి, పొగచూరిన పైకప్పు. ఒక పక్క దుకాణం అరలు, వాటి మీద విప్పని డబ్బాలు, టీ పొట్లాలు, బాణసంచా. ఒక మూల దేవుడి మందిరం. అక్కడ పెట్టిన పండ్లు ఎండి రాళ్ళయి ఇంకా అక్కడే ఉన్నాయి. వెనక వంటగది, దాని పక్కన కూలీలు పడుకునే చెక్క బల్లలు. ఆ వైద్యుడి గదిలో కమ్మీల వెనక ఐదు వందల రకాలకు పైగా మూలికలు, వేళ్ళు, బెరళ్ళు, ఎండిన పాములు, ఎలుగుబంటి పంజాలు. మా మనవడు ఆ పంజాలు చూసి నా చొక్కా పట్టుకున్నాడు. నాకు మాత్రం ఆ వాసన మా ఊరి మందుల కొట్టులో శొంఠి, కరక్కాయ గోతాల దగ్గరికి వెళ్ళినట్లనిపించింది.

ఈ వస్తువులన్నీ ఎక్కడెక్కడి నుంచో తెచ్చి పేర్చినవి కావు. ఎక్కడివి అక్కడే ఉన్నాయి. అది ఎలా జరిగిందో వినండి, మీలో ఆఫీసు అనుభవం ఉన్నవాళ్ళకు నవ్వు వస్తుంది. 1940లో లుంగ్ ఆన్ కాలం చేశాడు. ఇంగ్ హేకు అప్పటికే చూపు మందగించింది. 1948లో ఆయన పడి తుంటి విరగ్గొట్టుకుంటే పోర్ట్‌లాండుకు తీసుకుపోయారు. ఇంటికి తాళం వేశారు. తిరిగి వస్తాననే అనుకుని ఉంటాడు. రాలేదు. 1952లో అక్కడే పోయాడు. ఆయన బంధువు ఒకరు 1955లో ఈ ఇంటిని మ్యూజియం చెయ్యాలనే షరతు మీద మునిసిపాలిటీకి రాసి ఇచ్చారు. మునిసిపాలిటీ వారు దస్తావేజు పుచ్చుకున్నారు. ఆ తరువాత ఆ ఫైలు ఏ బీరువాలో పడిందో, ఇల్లు తమదన్న సంగతే మరిచిపోయారు! 1967లో పార్కు వెయ్యడం కోసం స్థలం కొలతలు వేస్తూ, ఈ పాత ఇల్లు ఎవరిదా అని విచారిస్తే తమదేనని తేలింది. తాళం తీస్తే 1948 నాటి ఇల్లు ఉన్నది ఉన్నట్టే ఉంది.

ఫైలు కనబడకపోవడం వల్ల ఒక మంచి పని జరగడం నా జన్మలో ఇదొక్కటే విన్నాను. ఫైలు కదిలి ఉంటే ఆ ఇల్లు కూలగొట్టి ఉండేవారు.

1970వ దశకంలో దానిని బాగుచేసి మ్యూజియంగా తెరిచారు. 2005లో జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వ పార్కుల శాఖ వారు నడుపుతున్నారు.

ఇంగ్ హే మంచం కింద ఒక పెట్టె దొరికింది. అందులో రోగులు ఇచ్చిన చెక్కులు, సుమారు 23,000 డాలర్ల విలువైనవి, బ్యాంకులో వెయ్యకుండా అలాగే ఉన్నాయి. మిత్రులారా, నేను ముప్పై ఆరేళ్ళు బిల్లులు, చెక్కులు చూసినవాణ్ణి. గడువు తీరిన ఒక్క చెక్కు కనబడితే మాకు రాత్రి నిద్ర పట్టేది కాదు. ఎందుకు మార్చలేదు? పేదవాళ్ళ దగ్గర డబ్బు తీసుకోవడం ఇష్టం లేక అని అక్కడివాళ్ళు చెబుతారు. కావచ్చు. అయితే నాకొకటి తోచింది. బ్యాంకు పనులు, లెక్కలు, ఇంగ్లీషు రాతకోతలు అన్నీ లుంగ్ ఆన్ చూసేవాడు. ఇంట్లో లెక్కలు చూసే మనిషి పోయాక మిగిలినవాళ్ళు కాగితాలన్నీ ఒక పెట్టెలో పడేసి ఊరుకోవడం మనకు తెలియనిది కాదు. మా ఇంట్లో ఆ లెక్కలు మా ఆవిడ చూసేది. ఆమె పోయిన ఏడాది దాకా గ్యాసు పుస్తకం ఎక్కడుందో నాకు తెలియదు.

చెక్కుల కంటే నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి ఉత్తరాలు. ఇల్లంతా కాగితాలే. లెక్కల పుస్తకాలు, రశీదులు, మందుచీటీలు, కూలీల జాబితాలు, చైనా నుంచి వచ్చిన జాబులు. వాటిలో కొన్నింటిని పండితులు ఇంగ్లీషు చేశారు. అబ్బాయి చదివి నాకు తెలుగులో చెప్పాడు. ఇంగ్ హేకూ లుంగ్ ఆన్‌కూ ఇద్దరికీ స్వదేశంలో భార్యాబిడ్డలున్నారు. ఇద్దరూ తిరిగి వెళ్ళలేదు. అక్కడి నుంచి పెద్దవాళ్ళు రాసేవారు: ఎప్పుడొస్తావు, డబ్బు కాదు నువ్వు రా, కళ్ళు పోతున్నాయి, ఈ ఏడైనా వస్తావా అని. ఒక ఉత్తరం మరీ విచిత్రం. ఎవరో కూలీ భార్యకు రాసుకున్నాడు. ఇన్నేళ్ళు రాలేకపోయానని, సంపాదన చాలలేదని, మన్నించమని. రాశాడు గాని పోస్టులో వెయ్యలేదు. ఆ జాబు ఈ ఇంట్లోనే ఉండిపోయింది. ఆ ఇల్లాలికి అది అందలేదన్నమాట.

ఎందుకు వెళ్ళలేదంటే ఒక్క కారణం చెప్పలేం. 1882లో చైనా కూలీలు అమెరికాలో అడుగు పెట్టరాదని చట్టం చేశారు. అంతకుముందే ఉన్నవాళ్ళు సర్కారు ఇచ్చే సర్టిఫికెట్టు తీసుకుని ఊరికి వెళ్ళి రావచ్చునన్నారు. 1888లో మరో చట్టం చేసి ఆ సర్టిఫికెట్లన్నీ చెల్లవన్నారు. అలా సర్టిఫికెట్టు చేతిలో ఉండి కూడా స్వదేశంలోనో సముద్రం మీదో చిక్కుపడ్డవాళ్ళు సుమారు 20,000 మంది. 1892లో ఇంకొకటి: ప్రతి చైనా కూలీ తాను హక్కుదారుడినేనని తెలిపే నివాస ధ్రువపత్రం దగ్గర ఉంచుకోవాలి, లేకపోతే అరెస్టు. మనం యేటా లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చి బతికే ఉన్నామని రుజువు చేసుకోవడానికి విసుక్కుంటాం. వాళ్ళు ప్రతిరోజూ జేబులో ఆ రుజువు పెట్టుకుని తిరగాలి. వర్తకులకు కొంత మినహాయింపు ఉండేది. కామ్ వా చుంగ్ లాంటి దుకాణంలో భాగస్వామి కావడంలో ఆ రక్షణ కూడా ఉంది. అయినా ఒకసారి పోతే మళ్ళీ రానిస్తారో లేదో! దుకాణం ఏమవుతుంది, రోగులు ఏమవుతారు? వచ్చే ఏడు వెళ్దాం, ఆ పై ఏడు వెళ్దాం అనుకుంటూ జుట్టు నెరిసిపోయి ఉంటుంది. 1943లో ఆ చట్టం రద్దు చేసి ఏడాదికి 105 మంది చైనీయులు రావచ్చునన్నారు. 105! అప్పటికి లుంగ్ ఆన్ పోయి మూడేళ్ళు.

మనవాళ్ళ సంగతీ అంతకంటే మెరుగేం కాదు. 1917 చట్టంతో మనకూ తలుపు మూశారు. 1946లో తెరిచి ఏడాదికి 100 మందన్నారు. ఇదే ఆరెగాన్‌లో రంపపు మిల్లుల్లో పనిచేసిన పంజాబీలు 1913లో అస్టోరియా అనే ఊళ్ళో కూడి గదర్ పార్టీకి పునాది వేశారు. ఆ పార్టీలో మన కనిగిరి మనిషి దరిశి చెంచయ్య గారు ఉన్నారు. 1912లో చదువుకోసం కాలిఫోర్నియా వెళ్ళి ఆ పోరాటంలో దిగి, తిరిగి వస్తూ పట్టుబడి జైళ్ళలో మగ్గారు. వారి ఆత్మకథ "నేనూ నా దేశం" చాలామంది చదివే ఉంటారు. మన పిల్లలు ఈ వేళ విమానం ఎక్కుతున్నారంటే 1965లో వచ్చిన చట్టం చలవ. అంతకు ముందు వెళ్ళినవాళ్ళు పడ్డ పాట్లు మా అబ్బాయికీ తెలియవు, నాకూ అక్కడికి వెళ్ళేదాకా తెలియవు.

ఆ ఉత్తరం చదివి చెప్పడం అయ్యాక వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. వాడు రెండేళ్ళుగా "ఇక్కడే ఉండిపోండి నాన్నగారూ, అక్కడ ఒక్కరూ ఏం చేస్తారు?" అంటున్నాడు. నేను "చూద్దాంలే" అంటున్నాను. నేను "ఎప్పుడొస్తావురా?" అంటే వాడు "చూద్దాం" అంటాడు. రోజూ ఫోనులో బొమ్మ కనిపిస్తూనే ఉంటుంది. ఆ ఇంట్లో ఇద్దరం అలా నిలబడి ఉన్నాం. "పోదాం నాన్నగారూ, పిల్లాడికి ఆకలేస్తోంది" అన్నాడు. బయటికి వచ్చాం. ఊరి శ్మశానంలో ఆ మిత్రులిద్దరూ పక్కపక్కనే ఉన్నారంటే అక్కడికి కూడా వెళ్ళాం. వాడే మనవడి చేత రెండు పూలు పెట్టించాడు.

ఇప్పుడు మన ఆఫీసు గది సంగతి. ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

మన పద్ధతి మీకు తెలుసు. ఎల్.డిస్. అయితే ఏడాది, కె.డిస్. అయితే మూడేళ్ళు, డి.డిస్. అయితే పదేళ్ళు, ఆర్.డిస్. అయితే శాశ్వతం. కామ్ వా చుంగ్‌లోని కాగితాలు మన ఆఫీసులో ఉంటే నూటికి తొంభై ఎల్.డిస్. కింద మరుసటి ఏడాదే బూడిద అయ్యేవి. 1983లో నేను ఒక ఆఫీసులో రికార్డు సెక్షను చూసేవాడిని. గది ఖాళీ చెయ్యమని ఉత్తర్వు వచ్చింది. నేను కట్టల మీద చీటీలు చూసి జాబితా రాసి, సంతకం పెట్టించి, పెరట్లో కిరసనాయిలు పోయించి తగలబెట్టించాను. కట్టలు విప్పి చూడలేదు. నాలుగేళ్ళ తరువాత ఒక అటెండరు రిటైరవుతూ వచ్చాడు. పర్మనెంటు కాకముందు ఏడేళ్ళు కంటింజెన్సీ మీద పనిచేశాడు, దానికి రుజువు కావాలి. జీతాల ఆక్విటెన్సు రోల్సులో అతని వేలిముద్రలు ఉండాలి. వెతికాను. నేను రాసిన జాబితాలోనే వరస సంఖ్య వేసి ఉంది. పై చీటీ మీద "వివిధములు" అని ఉంటే కాల్పించేశాను. ఆ ఏడేళ్ళూ పెన్షనులో కలవలేదు. అతను నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "వెళ్ళొస్తానండీ" అని చెప్పులు చేతబట్టుకుని మెట్లు దిగాడు. ఈ విషయం నేను ఇప్పటిదాకా మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

పోయిన నెల కార్యవర్గంలో మన గదికి సున్నం వేయించాలని తీర్మానించారు. మంచిదే. ఆ రెండు పాత బీరువాల్లో ఉన్న కాగితాలు కిలోల లెక్కన అమ్మేద్దామని కూడా ఒక మాట వచ్చింది. వాటిలో ఏమున్నాయో ఎవరైనా చూశారా? నేను ఒక అర మాత్రం చూశాను. మొదటి తరం సభ్యుల దరఖాస్తులు ఉన్నాయి, ఎవరెవరు ఏ ఊరిలో ఎన్నేళ్ళు పనిచేశారో స్వదస్తూరీతో రాసినవి. కుటుంబ పెన్షను కోసం వితంతువులు రాసిన అర్జీల నకళ్ళు ఉన్నాయి. సమ్మె రోజుల కరపత్రాలు ఉన్నాయి. ఇక్కడ కూర్చున్న వారిలో కనీసం ముగ్గురి తండ్రుల చేతిరాత నేను గుర్తుపట్టాను. చెదలు ఇంకా కింది అర దాకానే వచ్చాయి.

"ఎవరు చదువుతారండీ ఇవన్నీ?" అని కోశాధికారి గారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆ వైద్యుడి మందుచీటీలు కూడా ఎవరు చదువుతారని మునిసిపాలిటీ వారు అడిగి ఉంటే జవాబు దొరికేది కాదు.

నేను పెద్ద మ్యూజియం పెట్టమనడం లేదు. మనకంత డబ్బూ లేదు, ఓపికా లేదు. సున్నం పని పదిహేను రోజులు వాయిదా వెయ్యమని, ఆ బీరువాల తాళాలు నాకిప్పించమని మాత్రమే అధ్యక్షుల వారికి మనవి చేస్తున్నాను. ప్రతి కట్టా విప్పి చూస్తాను. ఉంచదగినవి వేరు చేసి, పేర్లతో జాబితా రాసి, నకలు కార్యవర్గానికి ఇస్తాను. అమ్మదగినవి నేనే దగ్గరుండి తూకం వేయిస్తాను. చూపు బాగున్నవాళ్ళు ఇద్దరు, నిచ్చెన ఎక్కగలిగినవాళ్ళు ఒకరు నాకు తోడు కావాలి. కంప్యూటరు తెలిసిన మనవలు ఎవరైనా వస్తే ఫోటోలు తీసిపెట్టవచ్చు. వచ్చే సోమవారం ఉదయం పది గంటలకు మొదలుపెడదాం. దుమ్ము విపరీతంగా ఉంది, ముక్కుకు కట్టుకోవడానికి ఎవరి తువ్వాలు వాళ్ళు తెచ్చుకోండి. టీలు నావి.